నిద్దర గంప

అనగనగా ఒక ఊరుండేది నాన్నా. ఆ ఊళ్ళో రోజూ మధ్యాహ్నం నించి చీకటి పడేదాకా సంతే. ఆ సంతకి అందరికన్నా ఆఖరున వెళ్ళేది పైడమ్మ.

ఎందుకంటే, సంత విరిగే వేళకి ధర దిగుతుంది. మిగిలింది మోసుకెళ్ళలేక అయినకాడికి ఇచ్చేస్తారు. మొదట్లో పది రూపాయలు పలికిన వంకాయలు అప్పుడు నాలుగే. అలా మిగిల్చి, వానల్లోగా ఇంటి మీద కొత్త తాటాకు కప్పించాలని ఆమె ఆశ.

"పైడమ్మొదినొచ్చింది! ఇంక గోనెలు దులుపుకోండర్రా," అని నవ్వేవాడు ఉల్లిపాయల సూరయ్య. ఆమె కూడా నవ్వేది. నవ్వి, ఇంకో అర్ధరూపాయి తగ్గించమనేది.

ఇంటి దగ్గర నాలుగేళ్ళ కూతురు కొండమ్మ. అమ్మ వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేది. అప్పటికి నిద్దర వచ్చి, చూసి, వెళ్ళిపోయేది. ఆ తర్వాత ఎంత జోకొట్టినా పిల్ల కళ్ళు మూతపడేవి కావు. రోజురోజుకీ చిక్కిపోయింది.

"వంకాయలు చవగ్గానే తెచ్చావే పైడమ్మా. పిల్లే వడిలిపోయింది," అంది పక్కింటి నరసమ్మత్త.

పైడమ్మ పిల్లకేసి చూసింది. సంచీ దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

మర్నాడు సంత విరిగింది. మంచు దిగుతోంది. అప్పుడు ఒక మూల, తెల్లగుడ్డ కప్పిన గంపతో ఒక ముసలామె కనిపించింది. గుడ్డ కింద ఏదో మెల్లగా ఊపిరి తీస్తోంది.

"ఏం సరుకు మామ్మా?"

"నిద్దర."

పైడమ్మ కొంగుముడి విప్పి రెండు రూపాయలు చూపింది. మామ్మ తల అడ్డంగా ఊపింది. పైడమ్మ సంచీలో వంకాయలు చూపింది. మామ్మ మళ్ళీ తల ఊపింది. అప్పుడు పైడమ్మ నేల మీద కూలబడింది.

"మా పిల్లకి మామ్మా. ఎంతంటే అంత."

ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

"నాకు పొద్దు కావాలి తల్లీ. రేపటినించి పొద్దుండగానే ఇల్లు చేరు. అదే ధర."

"పొద్దుండగా కొంటే అన్నీ ప్రియం కదా మామ్మా!"

"కాదనను," అని మామ్మ గంప ఎత్తుకోబోయింది.

"సరే, సరే! ఇస్తాను." అలవాటు ఊరుకుంటుందా? "మరి కొసరెయ్యవూ?"

మామ్మ పకపకా నవ్వింది. "కొసరు కింద ఒక కథ. పిల్ల పక్కన పడుకుని నువ్వే చెప్పాలి," అని ఆమె చెవిలో ఊదింది.

మర్నాడు పైడమ్మ ఎండ ఉండగానే సంతకెళ్ళింది. వంకాయలు పది రూపాయలు. రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ ఏడు సగం ఇంటికే తాటాకు పడింది. మిగతా సగంలోంచి చుక్కలు కనిపించేవి.

పొద్దుండగా ఇల్లు చేరిన ఆ మొదటి సాయంత్రమే కొండమ్మ అమ్మ చేతి మీద తల పెట్టుకుంది. కథ మొదలైంది. సగం కూడా కాలేదు, పిల్ల నిద్రపోయింది. పైడమ్మ చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యలేదు.

కథ కంచి దారి పట్టింది,
నిద్దర మన తలుపు తట్టింది.