ఇప్పటి కాలికి సాక్సులు

కాళ్ళు ఝాడించకు, దుప్పటి కప్పుకో. ఊఁ కొడితేనే చెబుతా.

అనగనగా ఒక ఊళ్ళో, ఎర్రమట్టి మైదానం పక్కింట్లో, ఓబులమ్మ అని ఒక పిల్ల ఉండేది. బంతి కనిపిస్తే దానికి అన్నం కూడా గుర్తుండేది కాదు. అచ్చం నీలాగే. నవ్వకు.

వాళ్ళ నాన్న నాగన్నకి కూతురంటే పంచప్రాణాలు. కానీ ఏం కొన్నా ఒక సైజు పెద్దదే కొనేవాడు. ఎదిగే పిల్ల కదా, వచ్చే ఏడు కూడా పనికొస్తుందనేవాడు. దాంతో దాని గౌను నేలమీద జీరాడేది, చెప్పులు టపటపలాడేవి. పిచ్చితల్లి, ఒక్కనాడూ ఇది నాకు వదులని నోరెత్తలేదు.

అప్పుడు దాన్ని బడి ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. ఆదివారం పక్క ఊరితో ఆట. కాలి ముందెముకకి దెబ్బ తగలకుండా ఒక పలక పెట్టుకోవాలి, సాక్సు దాన్ని పట్టి ఉంచాలి. సాక్సు జారి పలక పడిపోతే పక్కన కూచోబెట్టేస్తానని మాస్టారు ముందే చెప్పేశారు.

మొదట బడి సాక్సులు వేసుకుంది. అవి సగం పిక్క దాకానే వచ్చాయి. రెండడుగులు వేసిందో లేదో పలక కింద పడింది.

ఆ తర్వాత నాన్న బజారుకెళ్ళి పొడుగాటి నీలం సాక్సులు తెచ్చాడు. అలవాటు పోతుందా మరి, అవీ ఒక సైజు పెద్దవే. మడమ దగ్గర కూచోవాల్సిన ఉబ్బు చీలమండ పైకెక్కి కూచుంది. ఓబులమ్మ పైన రబ్బరు బ్యాండ్లు బిగించి మైదానంలో పరుగెత్తింది. బూటులో ముడతలు నలిగి వేలికి బొబ్బ లేచింది.

సాయంత్రం నాన్న ఆ బొబ్బ చూశాడు. పిక్క మీద ఎర్రగా పడ్డ రబ్బరు గుర్తులూ చూశాడు. ఆయన గుండె తరుక్కుపోయింది. ఎందుకు చెప్పలేదమ్మా అనడిగితే, వచ్చే ఏటికి సరిపోతాయిలే నాన్నా అంది ఆ పిల్ల.

అప్పుడు నాగన్న దాన్ని సైకిలెక్కించుకుని మళ్ళీ కొట్టుకి పోయాడు. సాక్సులు తొడిగి చూస్తారా ఎవరైనా అని కొట్టామె సణిగింది. సణగనీ. ఆయన కింద కూచుని, కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని, మూడో జత తనే తొడిగాడు. మడమ మడమలో కూచుంది. వేళ్ళ దగ్గర పిసరంత ఖాళీ లేదు.

ఓబులమ్మ కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నాన్నా, ఇవి ఇప్పటి నాకేనా?"

"నీకే తల్లీ. వచ్చే ఏటి పిల్లకి వచ్చే ఏడు కొందాం," అన్నాడు నాన్న, కండువాతో కళ్ళొత్తుకుంటూ.

ఆ తర్వాత, బొబ్బ మానీ మానకముందే ఆదివారం వచ్చింది. ఓబులమ్మ ఆటంతా ఆడింది, ఒక్కసారీ వంగి సాక్సు లాక్కోలేదు. ఓబులమ్మ గోల్ కొట్టిందని జనమంతా లేచి కేకలేశారు. నాగన్న ఆ గోల్ చూడనే లేదు. కూతురి పిక్కల మీదే చూపు పెట్టుకుని, చూశావా, జారలేదు, అని పక్కాయన్ని పట్టి కుదిపేస్తున్నాడట.

కథేమో కంచికి పోయె,
సాక్సులేమో దండేనికి పోయె,
కన్నేమో నిద్దరకి పోయె,
బంతేమో పొద్దుటికి ఆగె.