జోడుకోకల దిబ్బ మీది తలలేని సిలువ

పూర్వం గోదావరి నడుమ, సూర్యుడు సైతం పడవ మాట్లాడుకొని రావలసినంత మారుమూల లంకలో రాహేలమ్మ అనే మహాభక్తురాలు ఉండేది. ఆ లంకలో మొట్టమొదట బాప్తిస్మం పొందిన పుణ్యాత్మురాలు ఆవిడే; ఆవిడ ప్రార్థనకు మోకరిస్తే అవతలి గట్టున కాకులు కూడా నోరు మూసుకొనేవట. అంతటి సాధ్వికీ కంట్లో నలుసు ఒకటుంది, తోడికోడలు సలోమి. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన ఆ పిల్ల కీర్తన ఎత్తుకుంటే పులసలు ఎదురీత మాని వినేవి. సంఘమంతా "సలోమీ, ఇంకొక్కటి" అనేది గాని, "రాహేలమ్మా, ఇంకొక్క ప్రార్థన" అని ఒక్కరూ అన్న పాపాన పోలేదు.

ఆ రోజుల్లో లంక నడిమి దిబ్బ మీద సిలువ నిలపాలని సంఘం సంకల్పించింది. రాహేలమ్మ తన పెరట్లోని టేకు మ్రాను సమర్పించింది. ఆ సంతోషం చల్లారకముందే అడ్డదూలం సలోమి ఇస్తుందని తెలిసి, ఆవిడ కడుపులో ఏడు పొయ్యిలు రాజుకున్నాయి.

"గ్రంథంలో మ్రాను అని ఉంది. మ్రానంటే నిలువుగా ఒక్కటే. అడ్డకర్ర ఎవరి కల్పన?" అని సభలో లేచింది.

"మరి ప్రభువు చేతులు ఎక్కడ చాచాడు అక్కా?"

"పైకెత్తి మేకులు కొట్టారే! నువ్వు చూసొచ్చావా?"

ఉపదేశి జకరయ్యగారు పెద్దల వ్యాఖ్యానాలన్నీ తిరగేసి, కొందరు ఒంటి మ్రానన్నారనీ, కొందరు అడ్డకర్ర కొనమీదే ఉండే తల లేని సిలువన్నారనీ, కొందరు అడ్డకర్ర పైకి మ్రాను పొడుచుకొచ్చే తల ఉన్నదన్నారనీ చెప్పేసరికి లంక మూడు ముక్కలైంది. ఆరాధనకు అసలు కర్రే వద్దన్నవాళ్ళతో నాలుగైంది. చివరికి రాహేలమ్మ నోటికి జడిసి మ్రాను ఒక్కటే పాతారు. దూలం సలోమి పశువుల పాకలో పడింది. విజయగర్వంతో రాహేలమ్మ ఆ మ్రానుకు రోజూ ఆముదం పట్టించి, చూసినవాళ్ళ మొహం కనిపించేంత నున్నగా మెరిపించింది.

అంతలో శ్రావణంలో, కొబ్బరిచెట్ల మొవ్వుల్లో చేపలు గుడ్లు పెట్టేంత వరద వచ్చింది. జనమంతా పడవలెక్కారు. రాహేలమ్మ మాత్రం ఎక్కలేదు. తాను అటు వెళ్ళగానే సలోమి ఇటు దూలం బిగించేస్తుందని ఆవిడ భయం! ఒంటరిగా దిబ్బెక్కి మ్రానును కావలించుకుంది. నీళ్ళు నడుము దాటాయి, మెడ దాటాయి. పైకి పాకుదామంటే ఆముదం! జానెడు ఎక్కితే మూరెడు జారుతోంది.

పడవలో అక్క లేదని కనిపెట్టిన సలోమి, పాకలో తేలుతున్న దూలం మీద బోర్లా పడి, నీటికి అడ్డంపడి ఈదుకుంటూ వచ్చింది.

"సందు చూసుకొని తెచ్చావటే దూలం!" అంది రాహేలమ్మ, ఒక గుక్క నీళ్ళు ఉమ్మేసి.

"తర్వాత తిడుదువుగాని, ముందు కోక చెంగు చింపి ఇటియ్యి."

"నా కోసం ఎందుకొచ్చావే?"

"నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలి అక్కా?"

ఇద్దరూ తమ కోకలు చింపి, వరద తమను పైకెత్తిన చోటనే, మ్రాను కొనన దూలాన్ని కట్టి, చెరొక కొమ్మునా చంకలు ఆనించి వేలాడారు. గోదావరి ఆ ముడులను తాకి, సిగ్గుపడ్డట్టు వెనక్కి తగ్గింది. తర్వాత పదిమంది వడ్రంగులు ఏనుగులను కట్టి లాగినా ఆ ముడులు ఊడలేదు. తల కోసం పైన మరో ముక్క అతుకుదామని ఉపదేశిగారు అనబోతే, రాహేలమ్మ ఒక్క చూపు చూసింది: "వద్దయ్యగారూ, ఆ ముక్క ఇస్తానంటూ ఇంకో తోడికోడలొస్తుంది."

అందుకే జోడుకోకల దిబ్బ మీది సిలువకు నేటికీ తల లేదు, దానికి చుక్క నూనె తగలనివ్వరు. మంచి శుక్రవారంనాడు ఒకే ఇంటి తోడికోడళ్ళిద్దరు దానికి కొత్త కోకలు కడతారు. ముడి వేసేముందు ఒకరి మీద ఒకరికున్న ఈర్ష్య అందరూ వినేలా చెప్పితీరాలి. దాచుకొని కడితే ముడి నిలవదు. సిలువ కుడికొమ్ము ఎడమదానికన్నా బెత్తెడు కిందికి ఒరిగి ఉంటుంది, వెళ్ళి చూడండి. అది రాహేలమ్మ వేలాడిన వైపు. ఆవిడ అసూయ బరువని సలోమి వంశంవాళ్ళు అంటారు, రాహేలమ్మ మునిమనుమరాళ్ళేమో, "కాదు, అవతలి పక్క సలోమి ఊపిరి బిగబట్టి తేలిగ్గా వేలాడింది, అప్పుడూ మెప్పుకోసమే!" అని ఇప్పటికీ కొట్టుకు చస్తున్నారు.