దండాసి కోసిన వంకర బిళ్ళ

ఎవరి చేతికి రంపం ఇవ్వకూడదో ముందే తెలుసుకోవడం ఎలాగని దమయంతి తన గురువు కూర్మయ్య మేస్త్రిని అడిగింది. మేస్త్రి వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. ప్రశ్న అడిగినవాళ్ళ ముఖం చూడడు, చేతులు చూస్తాడు. చూసి, ఏదో ఒక పని అప్పజెప్పి పంపేస్తాడు. పని అయ్యేసరికి చాలామందికి తాము అడిగిందేమిటో గుర్తుండేది కాదు.

ఉద్దానంలో తుఫాను వెళ్ళిపోయాకే అసలు కష్టం మొదలవుతుంది. కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ దారికడ్డంగా పడి ఊళ్ళకు ఊళ్ళు మూతపడిపోతాయి. అందుకని అక్కడి రైతుసంఘం ఒక పాత కొబ్బరిపీచు షెడ్డు తీసుకుని, మిషను రంపాలతో చెట్లు తొలగించే జట్టును తయారుచేసే పని కూర్మయ్యకు అప్పగించింది. ముప్ఫై ఏళ్ళు కలప డిపోల్లో పనిచేసి పది వేళ్ళతోనూ ఇల్లు చేరిన మనిషి ఆయన. అంతకు మించిన సర్టిఫికెట్టు ఏ రంపం మేస్త్రికీ లేదని జనం నవ్వుతూ చెప్పుకునేవారు. దమయంతి సంగతి వేరు. ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత ఇనుము కొట్లో పడి ఉన్న రంపాన్ని తెచ్చుకుని, విప్పి, ఫోనులో వీడియోలు చూసి బిగించి, మళ్ళీ విప్పి, ఇరవై నాలుగేళ్ళకే దాని ప్రతి మరతోనూ చుట్టరికం కలుపుకుంది. ఆ రంపాన్నే భుజాన వేసుకుని ఏడాది కిందట మేస్త్రి దగ్గరకు వచ్చింది. కుదురుగా కూర్చునే పిల్ల కాదు గానీ, కోత మొదలుపెడితే ఆమె కోసిన దుంగ బల్లమీద పెట్టిన గ్లాసులా నిలబడేది. ఆ వారమే మొదటిసారిగా మేస్త్రి ముగ్గురు కొత్తవాళ్ళను ఆమెకు అప్పజెప్పాడు. శనివారం సాయంత్రానికి ఎవరెవరు జట్టుకు పనికొస్తారో పేర్లు చెప్పమన్నాడు.

ఆ ముగ్గురిలో దండాసి ఒకడు. నలభై ఏళ్ళవాడు, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. కిందటి తుఫానులో అతని భార్యకు నొప్పులు వచ్చాయి. ఆసుపత్రికి వెళ్ళే దారినిండా చెట్లే. తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా గొడ్డలితో పదకొండు మానులు నరికి ఆటోకు దారి చేశాడు. తల్లీ బిడ్డా దక్కారు. ఆ పిల్లకు పెట్టిన పేరు ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు, అందరికీ ఆమె తుఫానమ్మే. ఇంకొకరి ఇంటి ముందు ఆ పదకొండు మానులూ పడి ఉంటే తాను అరగంటలో తీసిపెట్టాలన్నది దండాసి కోరిక. జట్టులో చేరడానికి అంతకన్నా పెద్ద కారణం అతని దగ్గర లేదు.

శనివారం పొద్దున్న దమయంతి తన రంపాన్నే అతనికిచ్చి, దిమ్మల మీద పెట్టిన సరుగుడు దుంగ నుంచి బిళ్ళలు కోయమంది. చేతి మందాన, రెండు పక్కలా సమంగా రావాలి. దండాసి చెప్పినవన్నీ చేశాడు. బ్రేకు వేసి నేలమీద పెట్టి స్టార్టు చేశాడు. కాళ్ళు సరిగ్గా పెట్టుకున్నాడు. బ్లేడు కొనను దేనికీ తగలనివ్వలేదు, ఎందుకంటే కొన తగిలితే రంపం ఎగిరి కోసేవాడి ముఖం మీదికే వస్తుందని ఆమె మొదటిరోజే చెప్పింది. అయినా అతని బిళ్ళ ఒక పక్క లావుగా, ఒక పక్క పలచగా ఊడిపడింది. రెండోదీ అంతే. మూడోసారి కోత పక్కకు పోయి బ్లేడు దుంగలో ఇరుక్కుంది. అతను బలంకొద్దీ గుంజాడు. రంపం ఒక్కసారిగా ఊడి అతని మోకాలికి బెత్తెడు దూరంలో ఆగింది. దమయంతి అతని చేతిలోంచి రంపం లాక్కుంది. మిగతావాళ్ళు వింటున్నారన్న ధ్యాస లేకుండా, గొడ్డలి పట్టిన చెయ్యికి మెలి పోదని, అలాంటి చెయ్యి రంపానికి పనికిరాదని, రేపు కాలు తెగితే తుఫానమ్మకు తానేం జవాబు చెప్పుకోవాలని నానా మాటలూ అంది. అతను తల వంచుకుని విన్నాడు. ఆ తరవాతే ఆమె మేస్త్రి దగ్గరకు వెళ్ళి ఆ ప్రశ్న అడిగింది. అడిగిందన్న మాటే గానీ, దండాసి పేరు అప్పటికే మనసులో కొట్టేసింది.

మేస్త్రి ఆమె చేతులకేసి చూశాడు. అందరూ అన్నాలకు వెళ్ళాక ఆ రంపంతోనే ఒక బిళ్ళ కోసుకురమ్మన్నాడు. "నీ చేతివాటం చూపించకు. ఊరికే పట్టుకో. రంపం తన బరువుకి తాను ఎటు దిగుతాదో సూడు" అన్నాడు.

మిగతావాళ్ళు షెడ్డు వెనక సద్దులు విప్పుకుంటూ ఉంటే దమయంతి ఒక్కతే దుంగ దగ్గర నిలబడింది. అదేం పనని మనసులో విసుక్కుంటూనే రంపం పట్టుకుని చేతులు వదులు చేసింది. బ్లేడు చుట్టూ తిరిగే చైను దుంగలోకి సగం దిగేసరికి కోత పక్కకు ఒరిగింది. అలవాటు కొద్దీ కుడి మణికట్టు తనంత తానే తిరగబోయింది. ఆ తిరగబోవడం ఆమె మొదటిసారి చూసింది. ఆపుకుంది. ఊడిపడిన బిళ్ళను దండాసి బిళ్ళ పక్కన పెడితే రెండూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

ఇంజను ఆపి, చైను మీదికి వంగి పన్ను పన్నూ చూసుకుంది. చైనుకి పళ్ళు రెండు వరసలుంటాయి, ఒకటి ఎడమకు కోస్తుంది, ఒకటి కుడికి. ఆకురాయితో పదును పెట్టేటప్పుడు ఒక్కో పంటికి నాలుగు రాపిళ్ళని మేస్త్రి చెప్పిన లెక్క ఆమె ఎన్నడూ తప్పలేదు. కానీ రంపాన్ని తిప్పి పెట్టుకోకుండా ఒకే వైపు కూర్చుని రెండు వరసలకూ రాచేది. చేతికి అందే వరసకు రాపిడి గట్టిగా పడేది. అందని వరసకు చెయ్యి మెలిపెట్టి రాస్తే ఆకురాయి పైపైన జారిపోయేది. లెక్క సరిపోయింది, పదును సరిపోలేదు. పదునున్న వైపుకి రంపం లాగేది. లాగినప్పుడల్లా ఆమె మణికట్టు దాన్ని దారికి తెచ్చేది. ఏడాదిగా ఆ చెయ్యి చైను తప్పును కప్పుకొస్తూ ఉంది, ఆమెకు కూడా చెప్పకుండా. దండాసి చేతికి ఆ కప్పిపుచ్చడం తెలియదు. రంపం ఎలా ఉందో అలాగే కోసిపెట్టాడు.

ఇక్కడ దమయంతి మనసులో ఒక ఆలోచన వచ్చింది, వచ్చిన మాట దాచి ప్రయోజనం లేదు. ఆకురాయి జేబులోనే ఉంది. అన్నాలు ముగిసేలోగా మొద్దు వరసను సరిచేసెయ్యొచ్చు. మధ్యాహ్నం దండాసి బిళ్ళ తిన్నగా వస్తుంది. పొద్దున్న తిట్ల వల్లే దారికొచ్చాడని అందరూ అనుకుంటారు, అతనూ అదే అనుకుని చేతులెత్తి దణ్ణం పెడతాడు. పేరు జట్టులో ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఆమె రంపాన్ని తిప్పి పెట్టుకుని ఆకురాయితో రాచడం మొదలుపెట్టింది. మూడు పళ్ళు అయ్యాయి.

అంతలో దండాసి వచ్చాడు. ఆమె తినలేదని గమనించి, ఆకులో అన్నమూ ఎండుచేప వేపుడూ పట్టుకొచ్చాడు. ఆకు అందించే చేతిని చూసి దమయంతి ఆగిపోయింది. అతను తన కుడి మణికట్టుకు వెదురుబద్ద ఒకటి ఆనించి తువ్వాలు పేలికతో బిగించి కట్టుకున్నాడు.

"గొడ్డలి మెలి పోలేదన్నారు కదమ్మా. ఇలగ కట్టుకుని వారం రోజులు తిరిగితే తిన్నగా అయిపోద్దేమో" అన్నాడు.

ఆమె అన్నం పక్కన పెట్టి లేచింది. అందరినీ పిలిచింది. మేస్త్రి కూడా చెయ్యి కడుక్కుని వచ్చి వెనక నిలబడ్డాడు. రెండు బిళ్ళలూ దిమ్మ మీద పెట్టి, ఒకటి దండాసి కోసిందని, ఒకటి తాను కోసిందని, ఏది ఎవరిదో చెప్పమంది. ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడు చైను చూపించి, రెండో వరస పళ్ళ మీద వాళ్ళ చేతనే గోరు ఆనించి చూడమంది. మూడు పళ్ళు తాను దొంగతనంగా సరిచేసిన సంగతీ చెప్పింది.

"వంకర దండాసన్న చేతిలో లేదు. నా రంపంలో ఉంది. అన్న పట్టుకోకపోతే అది నాకు ఎప్పటికీ కనపడేది కాదు" అంది.

ముగ్గురు కొత్తవాళ్ళలో పెద్దది మోహినమ్మ, జీడితోటల్లో కూలిపని చేసి ముదిరిన మనిషి, అయితే పొద్దుటి తిట్లన్నీ ఇప్పుడు ఎవరి ఖాతాలో వెయ్యాలమ్మా అని అమాయకంగా అడిగింది. దమయంతి ముఖం ఎర్రబడింది. దండాసి అడ్డం వచ్చాడు. "నా కాడే ఉండనియ్యండి. ఎలాగూ రేపో ఎల్లుండో ఒక తప్పు సేస్తాను, అప్పుడు మళ్ళీ తిట్టక్కర్లేదు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులో దమయంతికి కళ్ళు చెమర్చాయి. తన బతుకులో తనకు ఏదైనా నేర్పినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే మేస్త్రి ఒక్కడే ఉండేవాడు. ఇప్పుడు ఇంకో వేలు ముడిచింది. దండాసి చేతికున్న పేలిక ముడి ఆమే విప్పి, వెదురుబద్ద తీసి అవతల పారేసింది.

తరవాత చైను సరిచేసే పని అతనికే నేర్పింది. రంపాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ పెట్టించి, ఆకురాయి ముందుకే తొయ్యాలని, వెనక్కి లాగేటప్పుడు పంటికి తగలకూడదని చెప్పి, ప్రతి పన్నూ ఇద్దరూ కలిసి చూసుకున్నారు. మూడు గంటలకు దండాసి మళ్ళీ దుంగ మీద రంపం పెట్టాడు. ఈసారి మొద్దు పళ్ళు రాల్చే పొడి కాదు, తెల్లటి పొట్టు రేకులు రేకులుగా అతని బూట్ల మీద రాలింది. బిళ్ళ ఊడిపడి దొర్లుకుంటూ వెళ్ళి మోహినమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని ఎత్తి, వేళ్ళతో మందం చూసి, కళ్ళకద్దుకుంది.

సాయంత్రం దమయంతి ముగ్గురి పేర్లూ రాసిన కాగితం మేస్త్రికి ఇచ్చింది. ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఇంకా నిలబడే ఉండటం చూసి ఏటమ్మా అన్నాడు. ఎవరి చేతికి రంపం ఇవ్వకూడదని పొద్దున్న అడిగినదానికి జవాబు ఇంకా రాలేదని ఆమె నెమ్మదిగా గుర్తుచేసింది.

"మధ్యాన్నం ఎవరికీ చెప్పకుండా నాలుగో పన్ను కూడా రాచేసి ఉంటే ఆ పేరు చెప్పుదును" అన్నాడు మేస్త్రి.