మోగని హెడ్‌ఫోను

ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఎదురుగా ఉన్న ల్యాబ్ బల్ల చూపించి "కూర్చో" అనడం వేదాద్రి మాస్టారి అలవాటు. పాలిటెక్నిక్‌లో ఆయన కరెంటు పాఠాలు చెప్పేవారు. నోటితో చెప్పిన జవాబు చెవి దాటి లోపలికి పోదని ఆయన నమ్మకం.

సుభాషిణి అడిగింది మాత్రం పాఠంలో ప్రశ్న కాదు. "భయం పోవాలంటే ఏం చెయ్యాలండీ?" అంది. మర్నాడే ప్రాక్టికల్ పరీక్ష. కిందటేడు అందులోనే తప్పింది. ఈసారీ తప్పితే డిప్లొమా మాట మరిచిపోవలసిందే. ఆ దిగులుతో ఆమెకు అన్నం కూడా సయించడం లేదు.

"కూర్చో. ఈ తీగచుట్ట ఇండక్టెన్స్ ఎంతో చెప్పు," అన్నారు మాస్టారు.

బల్లమీద ఇండక్టెన్స్ కొలిచే బ్రిడ్జి అనే పరికరం ఉంది. అందులోకి ఏసీ కరెంటు వదలగానే హెడ్‌ఫోనులో ఈల మోగుతుంది. రెండు నాబులు మార్చి మార్చి తిప్పుతూ ఆ ఈలను తగ్గించుకుంటూ పోవాలి. అది పూర్తిగా ఆగిన చోట బ్రిడ్జి కుదిరినట్టు. అక్కడి అంకెలను బట్టి ఇండక్టెన్స్ లెక్క కట్టాలి. సుభాషిణి వేళ్ళు వణికాయి. ఒక నాబు తిప్పితే తగ్గిన ఈల, రెండోది ముట్టుకోగానే గయ్యిమంది. చెమట తుడుచుకుందామని చెయ్యి తీసిందో లేదో, చప్పుడు ఆగిపోయింది.

"వచ్చేసింది మాస్టారూ!" ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

"నాబు కొంచెం కదుపు."

కుదిరినదాన్ని చెడగొట్టమంటారేమిటని ఆమె జంకింది. భయపడుతూనే కదిపింది. చప్పుడు లేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పింది. అయినా లేదు. చూస్తే, ఆమె చెయ్యి తగిలి హెడ్‌ఫోను తీగ ఊడి బల్లమీద పడి ఉంది. కిందటేడు పరీక్షలోనూ ఈల ఇలాగే చప్పున ఆగింది. సంతోషంగా అంకెలు వేసి లేచివచ్చింది. అప్పుడు ఎందుకు తప్పిందో ఆమెకిప్పుడు తెలిసింది.

మాస్టారు తీగ బిగించారు. చెవులు చిల్లులుపడేలా ఈల మళ్ళీ మొదలైంది. సుభాషిణి మొదటినుంచి తిప్పుకుంటూ వచ్చింది. చాలాసేపటికి ఈల సన్నబడి ఆగింది. ఈసారి ఆయన చెప్పకుండానే నాబు కదిపింది. అటు కదిపితే మోగింది, ఇటు కదిపినా మోగింది. మధ్యలో ఆపి అంకెలు రాసుకుంది.

మాస్టారు అవి చూసి తల ఊపారు.

"కానీ చేతులింకా వణుకుతూనే ఉన్నాయండీ," అంది ఆమె బేలగా. "భయం పోలేదు."

"మంచిది," అన్నారు మాస్టారు. "నీ లోపలి తీగ ఊడలేదన్నమాట."