చుట్ట కాల్చని నూకాలమ్మ

ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా కళ్లజోడు సర్దుకుని లేవడం డాక్టర్ విశాలాక్షిగారి అలవాటు. ఆ సముద్రతీర పట్నపు ఆసుపత్రిలో ఆవిడ శిష్యులందరికీ ఇది తెలుసు.

ఒకరోజు నిఖిలేశ్ అడిగాడు: "మేడమ్, వేలమంది రోగుల వివరాలు కంప్యూటర్లో ఉన్నాయి కదా. పరిశోధనకు మళ్లీ మనుషులను చూడడం దేనికి?"

అతను కరీంనగర్ నుంచి చదువుకు వచ్చినవాడు. ఆ రికార్డులన్నీ కలిపి చూసి ఒక వింత కనిపెట్టాడు. ఇక్కడి ముసలమ్మల అంగిట్లో పుళ్లు ఎక్కువ. చుట్ట కాల్చేవాళ్లు మాత్రం వాళ్లలో ఒక్కరూ లేరు. కాబట్టి తప్పు చేపల పులుసుదని తేల్చాడు. సాయంత్రానికల్లా ఆ వ్యాసం సదస్సుకు పంపాలి. దాన్ని నమ్మితే తీరం పొడవునా ఇళ్లలో పులుసు మాన్పించాల్సి వస్తుంది.

విశాలాక్షిగారు లేచి అతన్ని ఓపీకి తీసుకెళ్లారు. అక్కడ నూకాలమ్మ అనే ముసలమ్మ అంగిట్లో మంటని కూర్చుని ఉంది. వెనక ఆమె అల్లుడు నిలబడి ఉన్నాడు.

"చుట్ట కాలుస్తావా అమ్మా?" అని అడిగారు విశాలాక్షిగారు.

నూకాలమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. "రామ రామ! నానా? ఆ వాసనే పడదు నాకు."

నిఖిలేశ్ 'లేదు' అని టైపు చేసి, గెలిచినట్టు చూశాడు. విశాలాక్షిగారు అల్లుణ్ని పరీక్షల టోకెను తెమ్మని పంపేశారు. తలుపు మూసుకోగానే కొంగు దిగింది.

"ఎల్లిపోనాడా?"

"వెళ్లాడు."

"అల్లుడి ముందు అడిగే మాటేనా డాక్టరమ్మా అది? నా మర్యాదేటవుద్ది?" అంటూ రొంటిన దోపిన సగం చుట్ట తీసి, నిఖిలేశ్ వైపు తిరిగింది. "అగ్గిపెట్టుందేటి బాబూ?"

"ఆసుపత్రిలో పొగా!"

"పొగెక్కడిదీ? నిప్పు కొస నోట్లోకే పెట్టుకుంటాం కదేటి. నీ గది నల్లబడదులే."

విశాలాక్షిగారు ఆ చుట్ట లాక్కుని నిఖిలేశ్ చేతిలో పెట్టి, టార్చి వేసి అంగిలి చూశారు. "ఆ నిప్పు సెగకే ఈ పుండు. ముదరకముందే వచ్చావు. ముక్క తీసి పరీక్షకు పంపుదాం. చుట్ట మాత్రం ఇవాళే ఆఖరు" అన్నారు.

అంతలో అల్లుడు తలుపు తోశాడు. కొంగు మళ్లీ నెత్తికెక్కింది. అతని చూపు తిన్నగా నిఖిలేశ్ చేతిమీద పడింది.

"ఇదేటి బాబూ! డాక్టరు సదువుతా చుట్టలేటి?"

నూకాలమ్మ కూడా జాలిగా తల ఊపింది. నిఖిలేశ్ ఆమె ముఖం చూశాడు. "మానేస్తానండి" అన్నాడు.

వాళ్లు వెళ్లాక వ్యాసం మూసేసి, "అయితే ఈ రికార్డులు పరిశోధనకు పనికిరావా మేడమ్?" అన్నాడు దిగులుగా.

"ఎందుకు రావు?" అన్నారు విశాలాక్షిగారు. "ఇంకో గడి చేర్పించు. అడిగినప్పుడు పక్కన ఎవరున్నారని."