ఏట్లో ఊడని తొడుగు

నాగావళి ఒడ్డున ఒక చిన్న ఊళ్లో గౌరీశ్వరరావు అనే విత్తనాల వ్యాపారి ఉండేవాడు. ఏ వస్తువు కొన్నా అది తనకు కుదిరిందా అని కాక, చూసేవాళ్లు నోరు తెరుస్తారా అని ఆలోచించి కొనడం అతని బలహీనత. అతని కొట్లో కుర్చీ చూడ్డానికి సింహాసనంలా ఉండేది. దాని మీద రోజంతా కూర్చుని ఇంటికి వస్తే, భార్య సత్యవతి అతని నడుముకు నూనె రాయవలసి వచ్చేది.

అతనికి ఉన్న ఒకే ఒక సరదా చేపల వేట. ఆ ఊరివాళ్లు గాలానికి కోడి ఈక కట్టి, నీటి మీద వాలే పురుగులా కనిపించేటట్టు విసిరేవారు. ఆ విసురు అతనికి నేర్పింది సత్యవతి తమ్ముడు తవిటినాయుడు. అతను కౌలు రైతు. కొడవలి పట్టినా గాలం విసిరినా ఆ కుడిచేతి పని చూసి తీరాలని ఊరంతా అనేది.

వానలు తగ్గి నీళ్లు తేటపడగానే, ఎగువన రాళ్ల రేవులో అందరూ జంటలు జంటలుగా ఏట్లోకి దిగేవారు. దిగే ముందు ఒక ఆచారం ఉండేది. జంటలో ఒకడు రెండోవాణ్ణి గొంతుక్కూర్చుని లేవమనేవాడు. ఒంటిమీది తొడుగును ఒంటిచేత్తో విప్పి చూపించమనేవాడు. ఏట్లోకి తొడిగింది ఏట్లోనే ఊడాలి అని అక్కడి పెద్దల మాట. ఆ తరువాత “కుదిరిందా?” అని అడిగేవాడు. “కుదిరింది” అని జవాబు వచ్చిందంటే ఇక ఇద్దరూ ఒకరికొకరు పూచీ. ఒకడు పడితే రెండోవాడు దూకాలి.

ఒక ఏడు గౌరీశ్వరరావు విశాఖపట్నం వెళ్లి ఒక కొట్లో రబ్బరు తొడుగు చూశాడు. బూట్లూ పంట్లామూ ఒకటిగా కలిసి గుండెల దాకా వచ్చేది. భుజాల మీద పట్టీలు, వాటికి ఇత్తడి బకిల్సులు. కొట్టువాడు నిజాయితీగానే చెప్పాడు.

“ఇది మీకు పెద్దదండీ. మీ కొలత వచ్చే వారం వస్తుంది. నడుం బెల్టు మాత్రం ఎప్పుడూ మరవకండి. పడితే నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదే.”

వేట మాత్రం ఆ ఆదివారమే. గౌరీశ్వరరావు ఆగలేదు, దాన్నే కొనేశాడు. బూట్ల ముందు భాగంలో పాతగుడ్డలు కుక్కాడు. బెల్టు బిగిస్తే పొట్ట బయటపడుతోందని దాన్ని ఇంట్లోనే వదిలేశాడు. పట్టీల మీద కొత్త చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టుకున్నాడు.

రేవులో అందరూ అతని చుట్టూ మూగారు. అతనికి ఆనందంతో కాళ్లు నేల మీద నిలవలేదు. నిజానికి ఆ బూట్లలో అవి ఎలాగూ నిలవడం లేదు. అప్పుడు తవిటినాయుడు వచ్చాడు. పాచి రాళ్ల మీద జారకుండా పాత చెప్పులకు కొబ్బరితాడు చుట్టుకున్నాడు. కళ్లకు గాలం తగలకుండా వెడల్పు టోపీ పెట్టుకున్నాడు. చేతిలో ఊతకర్ర, మొలలో చిన్న చాకు ఉన్నాయి.

“బావా, ఓపాలి కూకుని లెగు,” అన్నాడు.

“అందరి ముందర నాసేత గుంజీలు తీయిస్తావేట్రా?”

నలుగురూ నవ్వారు. తవిటినాయుడు నవ్వలేదు.

“నీకు కోపమొచ్చినా సరే బావా. ఆ పట్టీలు సొక్కా కింద ఉన్నాయి. పడితే ఎలాగ ఇప్పుతావు? సరే, నిజం సెప్పు. కుదిరిందా?”

ఆ క్షణాన గౌరీశ్వరరావు మడమ బూటులో జారింది. అది అతనికి స్పష్టంగా తెలిసింది.

“కుదిరిందిరా,” అన్నాడు.

బావ మాట తీసెయ్యలేక తవిటినాయుడు అతని వెంట ఏట్లోకి దిగాడు.

కాసేపటికి గౌరీశ్వరరావు గాలానికి పెద్ద చేప తగిలింది. అతను వెనక్కి అడుగు వేశాడు. బూటు రాయి మీదే ఉంది, లోపల కాలు మాత్రం తిరిగిపోయింది. వెల్లకిలా పడ్డాడు. గుండెల దగ్గర నుంచి నీళ్లు లోపలికి దూకాయి. తొడుగు బస్తాలా బరువెక్కి అతన్ని కిందికి లాగింది. చొక్కా గుండీలు ఊడలేదు. బకిల్సులు చేతికి అందలేదు. ఏరు అతన్ని బండల వైపు ఈడ్చుకుపోయింది.

తవిటినాయుడు దూకాడు. చాకుతో చొక్కానూ పట్టీలనూ కోసి, బావను బండ మీదికి తోశాడు. మరుక్షణం ప్రవాహం అతన్ని ఆ బండకేసి కొట్టింది. అడ్డం పెట్టిన కుడిచెయ్యి నలిగిపోయింది.

ఇద్దరికీ ప్రాణం దక్కింది గాని ఆ చెయ్యి మళ్లీ పూర్వంలా కాలేదు. కొడవలి పట్టలేక తవిటినాయుడు కౌలు వదులుకున్నాడు. రబ్బరు తొడుగు చాలా రోజులు దండెం మీద వేలాడింది. పట్టీలు తెగాయి గాని దాని మెరుపు తగ్గలేదు. ఒకరోజు సత్యవతి దాన్ని చూసి, “దీనికి ఏటీ అవలేదు,” అంది. గౌరీశ్వరరావు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

తరువాత అతను తవిటినాయుణ్ణి కొట్లో భాగస్వామిగా చేర్చుకున్నాడు. అంత చేసినా ఆ చెయ్యి తిరిగి రాదని అతనికి తెలుసు.

మరుసటి ఏడు వేటకు వెళ్లనన్నాడు. తవిటినాయుడే లాక్కొచ్చాడు. గౌరీశ్వరరావు పాత చెప్పులకు కొబ్బరితాడు చుట్టుకున్నాడు. అందరి ముందూ తానే గొంతుక్కూర్చుని లేచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తవిటినాయుడు ఎడమచేత్తో అతని మొలతాడు లాగి చూశాడు.

“కుదిరిందా బావా?”

గౌరీశ్వరరావు తన పాదాల వంక చూసుకున్నాడు. “లేదురా. ఎడమకాలి తాడు వదులుగా ఉంది,” అన్నాడు. వంగి, మొదటి నుంచి మళ్లీ చుట్టుకున్నాడు. అంతసేపూ తవిటినాయుడు ఒడ్డున నిలబడి ఓపికగా ఎదురుచూశాడు.

నీతి: ఒంటికి కుదరనిది కంటికి ఎంత ఇంపుగా ఉన్నా తొడగకూడదు, గొప్ప కోసం మనం ఆడిన అబద్ధానికి మనల్ని నమ్మి వెంట దిగినవాడు బలి అవుతాడు.