పక్కలు మారాక

ఫైనల్‌కి ముందురోజు, ప్రాక్టీసు మొదలవకముందే గౌరీశ్వరి కెప్టెన్ పట్టీ విప్పి లక్ష్మున్నాయుడు మాస్టారి చేతిలో పెట్టింది.

"నా వల్ల కాదు మాస్టారూ. పోయినేడు తొమ్మిది పాయింట్లు ముందుండీ ఓడిపోనాం. ఊపు ఒక్కసారి అటు తిరిగిపోతే ఇంక మన సేతిలో ఉండదు. రేపూ ఆ జట్టే."

మాస్టారు నలభై ఏళ్లుగా ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతున్నారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటారు. పట్టీ మడిచి జేబులో వేసుకున్నారు.

"సరేలే. ముందు చిన్నపిల్లల జట్టుతో ఓ ఆట ఆడండి."

కోర్టు పక్కన నల్లబల్ల ఉంది. మధ్యలో గీత. ఎడమవైపు ఆడే జట్టు పాయింట్లు ఎడమన, కుడివైపు జట్టువి కుడిన. సగం ఆటకి జట్లు పక్కలు మారితే మాస్టారు అంకెలూ మార్చి రాస్తారు.

సగం ఆటయ్యాక గౌరి నీళ్లు తాగి, పక్క మారి వచ్చి బల్ల చూసింది. తమ వైపు పన్నెండు. చిన్నపిల్లల వైపు పదిహేను. వాళ్లెప్పుడు దాటేశారని అడగనైనా లేదు. పోయినేడూ ఇంతే కదా అనుకుంది. ఓడిపోతామని అంత గట్టిగా నమ్మేసిన మనిషికి లెక్క సరిచూసుకునే ఓపిక ఎక్కడుంటుంది!

కూతకెళ్తే గొంతు పీలగా వచ్చింది. రెండడుగులు వేసేసరికి దొరికిపోయింది. వెనకున్నవాళ్లు "నువ్వొదిలేశావంటే నువ్వొదిలేశావు" అని తగువులాడుకున్నారు. అటు చిన్నపిల్లలు మాత్రం పదిహేను చూసుకుని మీద మీద పడ్డారు. చివరి విజిల్ పడేసరికి వాళ్లే గెలిచారు.

గౌరి మట్టిలో కూలబడి ఏడ్చింది. "సూసారా మాస్టారూ? ఊపు ఆళ్ల పక్కకెల్లిపోనాది."

మాస్టారు డస్టర్ ఆమె చేతికిచ్చారు.

"పక్కలు మారినప్పుడు నాను అంకెలు మార్చలేదే. ఆ పదిహేనూ మీవే."

గౌరి ఏడుపు ఆగిపోయింది.

"ఊపు ఎక్కణ్ణించి ఎల్లిందో సూసుకో," అని పట్టీ తీసి ఆమె ఒళ్లో వేసి ఆయన వెళ్లిపోయారు.

మర్నాడు ఫైనల్లో అవతలి జట్టు వరసగా ఆరు పాయింట్లు లాగింది. జనం ఈలలతో గోల గోల. గౌరి పక్కన ఆడుతున్న దాలమ్మ కంగారుపడిపోయింది.

"ఎంత ఎనకబడ్డామే గౌరీ?"

గౌరి స్కోరు బల్లకి వీపు తిప్పి నిలబడింది.

"అది మాస్టారు సూసుకుంటారు. నువ్వు నా సెయ్యి పట్టుకో."